డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితము

ఉప్పలునుండి తార్నాకకు పోవు త్రోవలో, హబ్సిగూడ కడ, సీసీఎంబీ యను పరిశోధనాలయ మున్నది. ఉప్పలు, నాచారము విద్యార్థు లాభవనము నెఱుగుదురు. అందు కంటికి కానరాని జీవకణములను శోధింతురు. అట్టి శోధనకే జీవితమును ధారపోసిన యొక యాంధ్రుని చరిత్రము మన మెల్లరము తెలిసికొనదగినది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. కుటుంబము పేదది. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండుమారులు తప్పి మూడవమారు కృతార్థులైరి. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందున ఆచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టమును మాత్రమే పొందిరి. స్ప్రూ యను గ్రహణి వ్యాధిచే సోదరు లిరువురు స్వల్పకాలములోనే మరణించిరి. ఆ వ్యాధికి నాడు తగిన మందు లేకుండెను.

1922లో అమెరికాకు పోయి, హార్వర్డులో చదువుచు, రాత్రులందు ఆసుపత్రిలో పరిచారకుని పని చేసి పొట్ట పోసికొనిరి. ఫిస్కె పండితునితో కలిసి 1925లో భాస్వరమును కొలుచు విధానమును, 1929లో జీవులకు శక్తి నిచ్చు ఏటీపీని లోకమునకు తెలిపిరి. అయినను అచ్చట స్థిరోద్యోగము లభింపలేదు. 1940లో లెడర్లీ పరిశోధనశాలను చేరిరి. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా సిద్ధపఱచెను. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అదియే మందయ్యెను.

1948లో, వారి యాధ్వర్యమున డుగ్గరు పండితుడు కనుగొనిన ఆరియోమైసిన్ వెలువడెను. మట్టిలోని యొక బాక్టీరియా దీనిని పుట్టించును; ఇది తక్కిన బాక్టీరియాలు మాంసకృత్తులను చేసికొనకుండ అడ్డగించును. ఆ యేటి ఆగస్టులోనే, 53 ఏండ్ల ప్రాయమున, సుబ్బారావు గారు పరమపదించిరి.

ఆ కాలమున ఆర్కియాలను గూడ బాక్టీరియాలే యని తలచెడివారు. 1977లో వోస్, ఫాక్స్ అను పండితులు రైబోసోములోని ఆర్‌ఎన్‌ఏను పోల్చి చూచి, అవి వేఱు వంశమని నిరూపించిరి. సీసీఎంబీ యారంభమైనదియు ఆ యేటనే. బాక్టీరియా గోడకు ఆధారమైన పెప్టిడోగ్లైకాన్ ఆర్కియాలకు లేదు; కావున పెన్సిలిన్ వానిని బాధింపదు. పొరయందలి క్రొవ్వుల కూర్పును వేఱు. ఆవు కడుపునందును, నీరు నిలిచిన వరిమడియందును మీథేను వాయువును పుట్టించునవి ఆర్కియాలే.

ఇంత భేదమున్నను, ఆ రెండింటికిని, మనకును శక్తి నిచ్చునది ఏటీపీయే. పరీక్షలో తప్పిన బాలుడు సకల జీవులకు సామాన్యమైన యొక రహస్యమును తెలుపగలిగెను. కావున విద్యార్థులారా, ఒకమారు తప్పితిమని అధైర్యపడకుడు.