మూడు గుర్రాల రథం నడిపిన డాక్టర్ జోస్లిన్

ప్రత్యేక సంచికకు ఆరోగ్య విషయం ఏదైనా వ్రాయమని మన సంఘ కార్యదర్శిగారు కోరారు. నేను వైద్యుణ్ణి కాను. ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్ళు నడిపినవాణ్ణి. అయితే పదహారేళ్ళుగా చక్కెర వ్యాధితో కాపురం చేస్తున్నాను గనుక, ఆ వ్యాధిగ్రస్తులకు నడకను మందుగా ఇచ్చిన ఒక మహానుభావుని జీవితం గురించి నాకు తెలిసినంత మనవి చేస్తాను.

డాక్టర్ ఇలియట్ ప్రాక్టర్ జోస్లిన్ 1869 జూన్ 6న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి బూట్ల వ్యాపారి. జోస్లిన్ యేల్‌లో పట్టం పుచ్చుకుని, 1895లో హార్వర్డ్ వైద్య కళాశాలలో డాక్టరై, 1898లో బోస్టన్ నగరంలో ప్రాక్టీసు పెట్టారు. అప్పటికి ఇన్సులిన్ లేదు. పసిపిల్లలకు ఈ జబ్బు వస్తే ఒకటి రెండేళ్ళలో కన్ను మూయడమే. ఆయన కన్నతల్లికి కూడా ఇదే వ్యాధి సోకింది. కుమారుని పర్యవేక్షణలో ఆమె కఠిన పథ్యం పాటించి పదేళ్ళకు పైగా జీవించారు.

నాకు ఆయనపై గౌరవం కలిగించిన మొదటి విషయం ఆయన రిజిస్టర్లు. 1893లో విద్యార్థిగా ఉండగా చూచిన ఒక బాలిక మొదటి కేసు. అది మొదలు ప్రతి రోగి వివరాలూ వరుస నంబర్లతో పుస్తకంలో ఎక్కించారు. తల్లికి కూడా అందులో నంబరు ఉన్నది. లెక్క సరిగా ఉంటేనే తప్పెక్కడో తెలుస్తుందని మన శాఖల్లో పనిచేసిన వారికి నేను వేరే చెప్పనక్కరలేదు. అలా పోగైన వేయి కేసుల ఆధారంగా 1916లో చక్కెర వ్యాధి చికిత్సపై పెద్ద గ్రంథం వెలువరించారు. ఆహార నియమంతో పాటు క్రమమైన వ్యాయామం కూడా రోగుల ఆయుస్సు పెంచుతుందని అందులో వాదించారు. రెండేళ్ళకు, 1918లో, రోగులే చదువుకొనేందుకు వీలుగా ఒక చిన్న పుస్తకం వ్రాశారు. వైద్యుని విద్యను రోగి చేతిలో పెట్టడం ఆ రోజుల్లో సామాన్య విషయం కాదు.

1921లో కెనడాలోని టొరాంటోలో బాంటింగ్, బెస్ట్‌లు ఇన్సులిన్ కనుగొన్నారు. 1922 ఆగస్టు 7న జోస్లిన్ తమ మొదటి రోగికి ఆ సూది వేశారు. ఆమె ఒక నర్సు. జబ్బుతో, ఆనాటి ఉపవాస చికిత్సతో చిక్కి శల్యమై ముప్పై కిలోల చిల్లర బరువుకు వచ్చింది. ఇల్లు కదలలేని ఆ మనిషి కొన్ని వారాలలోనే రోజుకు నాలుగు మైళ్ళు నడవగలిగిందట!

ఇన్సులిన్ వచ్చింది కదా, ఇక వేరే శ్రమ ఎందుకని చాలామంది అనుకున్నారు. జోస్లిన్ అలా అనుకోలేదు. చికిత్సను మూడు గుర్రాల రథంతో పోల్చారు. ఆహారం ఒక గుర్రం, ఇన్సులిన్ ఒక గుర్రం, వ్యాయామం మూడవది. పగ్గాలు పట్టవలసినవాడు రోగి. అందుకే ఆసుపత్రిలో రోగులకు పాఠాలు చెప్పించారు, ఇళ్ళకు నర్సులను పంపించారు, చక్కెర వ్యాధి ఉన్న పిల్లలు అందరిలా ఆడుకునేందుకు వేసవి శిబిరాలను ప్రోత్సహించారు.

వ్యాయామంలో అంత మహిమ ఏమిటంటే, పని చేస్తున్న కండరం ఇన్సులిన్ కోసం ఎదురుచూడకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకుంటుంది. ఆ ప్రభావం ఒక రోజు, ఒక్కోసారి అంతకు మించి నిలుస్తుంది. అందుకే వరుసగా రెండు రోజులు మానరాదంటారు. కండరాల మాట వచ్చింది కనుక ఒక సంగతి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు, జోస్లిన్ ఉన్న ఆ బోస్టన్‌లోనే, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరాలలోని శక్తి నిల్వ అయిన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో లోకానికి వెల్లడించారు.

1946–47లో జోస్లిన్ పుట్టిన ఊరిలోనే ప్రభుత్వ వైద్యులు 3,516 మందిని పరీక్షించారు. తమకు జబ్బున్నట్లు ముందే తెలిసినవారు 40 మంది. ఆ పరీక్షలో కొత్తగా బయటపడినవారు మరో 30 మంది. ఏ బాధా లేదని పరీక్ష వాయిదా వేసే మిత్రులు ఈ అంకెలను గమనించాలి.

చక్కెరను ఇంత కట్టడిలో ఉంచడం చాదస్తమని తోటి వైద్యులు కొందరు ఆయనను విమర్శించేవారు. ఆయన మాట మార్చలేదు. చివరి దినాల దాకా పని చేస్తూ 1962 జనవరి 28న, 92 ఏళ్ళ వయసులో కన్ను మూశారు. కట్టడి వల్ల కళ్ళు, మూత్రపిండాలు, నరాలు కాపాడబడతాయని అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన 1993లో నిరూపించింది. 1998లో బ్రిటన్‌లో జరిగిన పరిశోధన మన వయసువారికి ఎక్కువగా వచ్చే రకం మధుమేహం విషయంలోనూ అదే ధోరణిని చూపింది. ఆ తీర్పు వినడానికి ఆయన లేరు.

వ్యాయామం మాట కూడా తేలింది. జబ్బు అంచున ఉన్నవారు వారానికి 150 నిమిషాల నడక వంటి శ్రమ చేసి, కొంత బరువు తగ్గితే, మధుమేహం రావడం 58 శాతం తగ్గిందని 2002లో వెల్లడైంది. అరవై దాటినవారిలో అది 71 శాతం! వయసు మళ్ళింది, ఇంకేం లాభం అనే మాటకు ఇంతకంటే జవాబు అక్కరలేదు.

మోకాళ్ళు సహకరించడం లేదంటారా? ఛాతీ లోతు నీటిలో నిలబడితే శరీర బరువులో చాలా భాగాన్ని నీరే మోస్తుంది. నీటిలో నడిచినా, ఈదినా, మూడు నెలల చక్కెర సగటు నేల మీద వ్యాయామంతో తగ్గినంతగానే తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఈత కొలను దూరమైతే కుర్చీలో కూర్చుని లేవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం కూడా కండరాలకు పనే.

జాగ్రత్తలు మరువరాదు. ముందుగా డాక్టరుగారిని అడగాలి. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవారికి షుగర్ పడిపోవచ్చు. జేబులో గ్లూకోజు గాని పంచదార గాని ఉండాలి. పాదాలకు స్పర్శ తగ్గినవారు కొలను గట్టున కూడా చెప్పులు విడువరాదు. పుండు ఉంటే నీళ్ళలో దిగరాదు. ఎక్కడికి వెళ్ళినా తోడు ఉండడం మంచిది.

నేను ఒక పాత డైరీలో మూడు గళ్ళు గీసుకున్నాను: తిన్నది, మందు, నడక. మొదటి రెండూ మా ఇంట్లోవాళ్ళు గుర్తు చేస్తారు. మూడవ గడి నింపవలసినవాణ్ణి నేనే. మిత్రులు కూడా ఈ నెల నుండే అలాంటి డైరీ ప్రారంభించి, తరువాతి సమావేశానికి వెంట తీసుకురావలసిందిగా ప్రార్థన.