తర్కమును గణితముగా మార్చిన జార్జి బూలు

నేటి యంత్రములు కొన్ని తాము చేయవలసిన పనులలో ఏది ముందో ఏది వెనుకో తామే నిర్ణయించుకొని, ఆ క్రమమున నడచుకొనుచున్నవి. కృత్రిమ మేధ యను శాస్త్రమున దీనికి ప్రణాళికారచన యని పేరు. ఈ విద్యకు పునాది వేసినవారిలో ఒకడు ఏ యంత్రమును నిర్మించినవాడు కాడు. విద్యుద్దీపములు ఇంటింట వెలుగుటకు పూర్వమే గతించిన యొక బడిపంతులు. ఆ జార్జి బూలు చరిత్రమును బాలబాలికలకు తెలియజేయుట మేలని తలచి యిచట వ్రాయుచున్నాము.

బూలు ఇంగ్లండు దేశమున లింకన్ పట్టణమందు 1815 వ సంవత్సరము నవంబరు 2 వ తేదీన జన్మించెను. తండ్రి పాదరక్షలు కుట్టి జీవించువాడు. అయినను ఆయన మనస్సు వృత్తికంటె దూరదర్శినుల వంటి పరికరములను చేయుటయందే లగ్నమై యుండెను. కుమారునకు తొలి గణితపాఠములు చెప్పినది ఆయనయే. బూలు లాటిను భాషను ఒక పుస్తకవర్తకుని సాయమున ఆరంభించి, గ్రీకును తనంతట తానే నేర్చుకొనెను. పదునాలుగవ యేట ఆయన ఒక గ్రీకు పద్యమును ఇంగ్లీషున వ్రాయగా అది పట్టణపు పత్రికలో అచ్చుపడెను. అంత చిన్నవాడు అట్లు వ్రాయజాలడని ఒక ఉపాధ్యాయుడు బహిరంగముగా సందేహించెను. పేదవాని బిడ్డకు విద్య వచ్చినను, అది వానిదే యని లోకము నమ్ముట కష్టము.

తండ్రి వ్యాపారము చెడిపోగా, 1831 లో, పదునారేండ్ల ప్రాయమున, బూలు డాంకాస్టరులో సహాయోపాధ్యాయుడుగా కుదిరెను. తల్లిదండ్రులును తోబుట్టువులును ఆయన జీతము మీదనే ఆధారపడిరి. కళాశాలలో చదువుకొను యోగము ఆయనకు లేకపోయెను. 1834 లో లింకన్ పట్టణముననే స్వంత పాఠశాల నొకదానిని తెరచెను. బడిపనులు తీరిన వేళల ఫ్రెంచి గణితశాస్త్రజ్ఞుల గ్రంథములను ఒంటరిగా చదువుచు, క్రొత్త విషయములను కనుగొనుచు వచ్చెను. 1844 లో రాయల్ సొసైటీవారు ఆయన వ్యాసమునకు రాయల్ పతకము నొసగిరి. 1849 లో ఐర్లండులోని కార్క్ నగరమున క్వీన్స్ కళాశాలయందు ప్రథమ గణితాచార్యుడుగా నియమితుడయ్యెను. ఏ కళాశాలలోను చదువనివాడు కళాశాలకే ఆచార్యుడయ్యెను.

ఆయన కీర్తికి ముఖ్యకారణము 1847 లో ఒక చిన్న పుస్తకముగాను, 1854 లో ఒక పెద్ద గ్రంథముగాను ప్రకటించిన తర్కగణితము. దాని సారమును సులభముగా చెప్పుదము. ఎఱ్ఱని వస్తువులన్నిటికి ఒక అక్షరమును, పువ్వులన్నిటికి మరియొక అక్షరమును గుర్తుగా పెట్టుదము. ఆ రెంటిని గుణించిన యెడల ఎఱ్ఱని పువ్వులు వచ్చును. ఎఱ్ఱనివానిలో నుండి మరల ఎఱ్ఱనివానిని ఏరినను మొదటివే మిగులును. కావున ఈ గణితమున ఏ అక్షరమును దానిచేతనే గుణించినను అదియే వచ్చును. మామూలు అంకెలలో ఈ గుణము సున్నకును ఒకటికిని మాత్రమే కలదు. సున్న యనగా ఏమియు లేదని, ఒకటి యనగా సమస్తమని బూలు గ్రహించెను. అబద్ధమునకు సున్న, నిజమునకు ఒకటి యని పెట్టుకొన్నచో, వాదము సరియైనదో కాదో లెక్కచేసి తేల్చవచ్చును.

1855 లో బూలు మేరీ ఎవరెస్టు నామెను వివాహమాడెను. ఆమె పెదతండ్రి జార్జి ఎవరెస్టు మన హైదరాబాదు ప్రాంతమున లాంబ్టను దొర క్రింద భూమిని కొలిచినవాడు. హిమాలయ శిఖరమునకు ఆయన పేరే పెట్టబడినది. ఈ దంపతులకు అయిదుగురు కుమార్తెలు కలిగిరి. 1864 నవంబరు 24 వ తేదీన బూలు జోరువానలో కళాశాలకు నడచివెళ్లి, తడిబట్టలతోనే పాఠము చెప్పెను. దానివలన జబ్బుపడి, డిసెంబరు 8 వ తేదీన, నలువది తొమ్మిదవ యేట మరణించెను. అప్పటికి కడపటి బిడ్డకు ఏడాదియైనను నిండలేదు.

ఆయన గణితము ఏ పనికి వచ్చునో నాడు తెలిసినవారు లేరు. 1937 లో అమెరికాలో క్లాడ్ షానన్ యను విద్యార్థి విద్యుత్తు మీటల యమరికకు అదియే సరిపోవునని చూపెను. 1966 మొదలు 1972 వరకు స్టాన్‌ఫర్డ్ పరిశోధనసంస్థలో షేకీ యను కదలు యంత్రముతో ప్రయోగములు జరిగెను. గదులలోని పెట్టెలను త్రోయుటకు అది తర్కముచేత ఉపాయము కల్పించుకొనెడిది. 1992 లో హెన్రీ కౌట్జ్, బార్ట్ సెల్మన్ అనువారు బూలు పద్ధతికి ఇంకను దగ్గరైన మార్గమును చూపిరి. మొదటి క్షణమున పెట్టె తూర్పుగదిలో నున్నదనుట ఒక వాక్యము. మూడవ క్షణమున పడమటిగదిలో నున్నదనుట మరియొకటి. పెట్టె చెంతకు చేరనిదే త్రోయరాదనుట ఒక నియమము. ఇట్టివాని నన్నిటిని వ్రాసి, నియమములన్నియు నిలుచునట్లు ప్రతి వాక్యమునకు సున్నయో ఒకటియో ఇయ్యవచ్చునా యని యంత్రము వెదకును. రెండడుగులలో కుదరనిచో మూడడుగులకు వెదకును. కుదిరినప్పుడు ఒకటి వచ్చిన పనులను వరుసగా చదివినచో అదియే ప్రణాళిక.

ఇందొక చిక్కు కలదు. పెట్టెను త్రోసినప్పుడు గోడ రంగు మారదని పసివానికైనను తెలియును, యంత్రమునకు తెలియదు. మారనివానిని సైతము చెప్పవలసివచ్చునని 1969 లో జాన్ మెకార్తీ, పాట్రిక్ హేస్ అనువారు విశదపరచిరి. లెక్క యంత్రము చేయగలదు. కాని తెలిసినదానిని విడువక, స్పష్టముగా చెప్పు భారము మనుష్యునిదే. విద్యార్థులారా, మీ లెక్కలలో ఒక మెట్టు వదలినప్పుడు ఉపాధ్యాయులు మందలించినచో విసుగుకొనకుడు. ఆ మెట్టును వదలకుండుటకే ఈ బడిపంతులు తన జీవితకాలమును ధారపోసెను.