‘అ’ దగ్గరే ఆగిపోయిన పెద్ద పని

పోయిన సెమిస్టర్‌లో రికర్షన్ మీద ఒక వ్యాసం రాశాను. క్లాస్‌లో అందరూ బాగుందన్నారు. ఆ ఊపులో ఇంటికెళ్ళి అమ్మకి చదివి వినిపించా. తెలుగులోనే రాశా కదా అని ధీమా. అమ్మ ఓపిగ్గా చివరిదాకా విని, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు అంది. ఫంక్షన్, కాల్, స్టాక్, రిటర్న్... ఇవి తీసేస్తే నేను రాసిన తెలుగు ‘చేస్తుంది’, ‘వస్తుంది’, ‘అవుతుంది’ మాత్రమే అని అప్పుడు తెలిసింది. నేను రాసింది అప్పటికే తెలిసినవాళ్ళకి. తెలియనివాళ్ళకి కాదు.

నేను నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో శాస్త్రం రాయడం కుదరదులే అని సర్దిచెప్పుకోబోయా. అప్పుడే హనుమకొండలోని రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం గురించి చదువుతుంటే ఒక పేరు తగిలింది: కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. ఈ పేరు పోటీ పరీక్షల బిట్లలో చూసి వదిలేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఆయన 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. అక్క బండారు అచ్చమాంబ పెళ్ళయి నాగపూర్ వైపు వెళ్తే, ఆయన కూడా అక్కడే పెరిగారు. అంటే ఆయన చదువు సాగింది మరాఠీ గడ్డ మీద. మరాఠీలో వ్యాసాలు రాసేంత పట్టు వచ్చింది. ఇంగ్లీష్, సంస్కృతం సరేసరి. ఎం.ఏ. చేశారు. మన లెక్కలో చెప్పాలంటే ఆయనా పరాయి మీడియం స్టూడెంటే! నా సాకు అక్కడితో పోయింది.

అచ్చమాంబ బడికి వెళ్ళలేదు. తమ్ముడు చదువుకుంటుంటే ఆయన సాయంతో ఇంట్లోనే నేర్చుకున్నారు. తర్వాత ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో స్త్రీల జీవిత చరిత్రలు రాసేదాకా వెళ్ళారు. బడి మెట్లెక్కని మనిషికి చదువు ఎలా చేరుతుందో లక్ష్మణరావు ముందు ఇంట్లోనే చూశారన్నమాట. తర్వాత ఆయన చేసిన పనులన్నిటికీ విత్తనం ఇదేనని నా ఊహ.

చదువయ్యాక మునగాల రాజా నాయని వేంకట రంగారావు దగ్గర దివానుగా చేరారు. నిజాం రాజ్యంలో అప్పుడు కోర్టులూ కచేరీలూ అన్నీ ఉర్దూలోనే. తెలుగువాళ్ళకి తెలుగు పుస్తకం దొరకడమే కష్టం. 1901లో ఆ రాజావారు, రావిచెట్టు రంగారావు, లక్ష్మణరావు మరికొందరితో కలిసి హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టారు. ఆ దారిలోనే 1904లో మన హనుమకొండలో రాజరాజ నరేంద్ర నిలయం వచ్చింది.

గ్రంథాలయం అయితే వచ్చింది, కానీ అందులో ఏం పెట్టాలి? తెలుగులో కావ్యాలున్నాయి, పురాణాలున్నాయి. మామూలు మనిషి చదివి లోకం తెలుసుకునే పుస్తకాలు తక్కువ. 1906లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు లాంటి వాళ్ళతో కలిసి విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలైంది ఇందుకే.

ఇక్కడ నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. శాస్త్రం అందరికీ చేరాలన్న ఆ మండలి మొదటి పుస్తకం శాస్త్రం కాదు, అబ్రహాం లింకన్ జీవితం. రాసింది గాడిచర్ల. ముందు ఒక మనిషి కథ. తర్వాత చరిత్రలు వచ్చాయి. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ వాటిలోదే. లక్ష్మణరావు కూడా శివాజీ మీద, హిందూ మహాయుగం మీద రాశారు. నవలలకి పోటీలు పెట్టి బహుమతులిచ్చి వాటినీ అచ్చేశారు. ఆ వరసలోనే డాక్టర్ ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రం, ఇంకా రసాయనం, పదార్థ విజ్ఞానం. నవల కోసం వచ్చినవాడి కంట్లో జీవశాస్త్రం కూడా పడుతుంది. చదివేవాణ్ణి శాస్త్రం దగ్గరికి రమ్మనకుండా, వాడున్న చోటికే శాస్త్రాన్ని మోసుకెళ్ళారు.

1908లో మండలి మద్రాసుకి మారింది. అక్కడ ఆయన అన్నిటికన్నా పెద్ద పని తలకెత్తుకున్నారు. ఇంగ్లీష్‌లో బ్రిటానికా ఉన్నట్టు తెలుగులో ఒక విజ్ఞాన సర్వస్వం. పండితుల చేత రాయించడం, తను రాయడం, లేని పారిభాషిక పదాలకి మాటలు వెతకడం, ప్రూఫులు... మల్లంపల్లి సోమశేఖర శర్మ లాంటి వాళ్ళు తోడున్నా భారం ఆయనదే. మూడు సంపుటాలు వచ్చాయి. మూడూ కలిపి వర్ణమాలలో మొదటి అక్షరం ‘అ’ కూడా దాటలేదు. 1923 జులైలో మద్రాసులో ఆయన చనిపోయారు. వయసు 46.

కోడ్ రాసేవాళ్ళ లెక్కలో ఇది మొదటి ఇటరేషన్‌లోనే ఆగిన లూప్. ఫెయిల్ అనేయొచ్చు. కానీ తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ పనిని మళ్ళీ అందుకున్నారు. ఆ తర్వాతి తరాలు ఇంకా సర్వస్వాలు తెచ్చాయి. ఒకరు ‘అ’ రాసిపెడితేనే కదా ఇంకొకరు ‘ఆ’ రాసేది.

ఇదంతా చదివాక నా వ్యాసం పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టా. ఈసారి ఫంక్షన్‌తో కాదు, రేషన్ షాపు లైన్‌తో. లైన్ పొడుగ్గా ఉంది, నీ నంబర్ ఎంతో నీకు తెలీదు. ముందాయన్ని అడుగుతావు. ఆయనకీ తెలీదు, తన ముందాయన్ని అడుగుతాడు. అలా అడుగుతూ పోతే మొదట్లో ఉన్నాయన ఒకటి అంటాడు. వెనకాయన రెండు అంటాడు. అలా ఒక్కొక్కటి కలుపుకుంటూ జవాబు నీదాకా వస్తుంది.

అమ్మకి వినిపించా. విని కాసేపు ఆగి అడిగింది, మొదట్లో ఉన్నాయనకి తనే మొదటివాణ్ణని తెలీకపోతే ఎట్లరా అని.

నేను నోరు తెరిచేశా. అది బేస్ కండిషన్. ల్యాబ్ ఎగ్జామ్‌లో నేను మర్చిపోయి మార్కులు పోగొట్టుకున్నది అదే. మా అమ్మ కంప్యూటర్ ముట్టుకోకుండానే పట్టేసింది.

అమ్మకి అర్థం కాదని ఇన్నాళ్ళూ అనుకున్నా. అర్థమయ్యేలా చెప్పడం నాకు రాలేదంతే. ఇప్పుడు రెండో వ్యాసం రాస్తున్నా, సార్టింగ్ మీద. ఇది కూడా ముందు అమ్మకే వినిపిస్తా.