కృష్ణాతీరమున శిష్యుడైన చీనా గురువు

గుడివాడలోను, ఘంటసాలలోను, భట్టిప్రోలులోను బయల్పడిన స్తూపశిథిలములు, కృష్ణానది దిగువభూములలో ఒకప్పుడు బౌద్ధవిద్య వెలసియుండెనని తెలుపుచున్నవి. ఈ మూడు స్తూపములను గూర్చి అలెగ్జాండర్ రీ 1894లో గ్రంథము ప్రకటించెను. ఈ సీమకు పడమరగా, కృష్ణయొడ్డుననే యున్న ధాన్యకటకమునకు క్రీ.శ. 639 ప్రాంతమున ఒక చీనా భిక్షువు వచ్చి, కొన్ని నెలలు నిలిచి, ఇచటి పండితులయొద్ద పాఠము చెప్పించుకొనెను. ఆయనయే హుయాన్‌త్సాంగ్. మన చరిత్రపాఠములలో ఆయన యాత్రికుడుగా కనబడును. చీనావారికి ఆయన యాత్రికుడు మాత్రమే కాదు, గురువు, అనువాదకుడు.

హుయాన్‌త్సాంగ్ 602లో లోయాంగ్ నగరప్రాంతమున చెన్ అను పండితవంశమున జన్మించెను. తండ్రి కన్ఫ్యూషియస్ సంప్రదాయము ననుసరించిన విద్వాంసుడు. బాలునకు ఎనిమిదేండ్ల ప్రాయమున తండ్రి పితృభక్తిని బోధించు ప్రాచీనగ్రంథమును చదివి వినిపించుచుండెను. గురువు పలుకగా జెంగ్‌జు అను శిష్యుడు ఆసనము విడిచి లేచిన ఘట్టము వచ్చినది. తక్షణమే బాలుడు బట్టలు సవరించుకొని లేచి నిలిచెను. కారణమడుగగా, పూర్వశిష్యుడు గురువు మాటకే లేచి నిలువగా, తాను తండ్రి బోధ వినుచు కూర్చుండుట తగదని విన్నవించెను. అక్షరములతో పాటు నడవడిని నేర్పుట ఆనాటి చీనావిద్యలో ముఖ్యాంశము. ఆ నడవడి ఆయనను జీవితాంతము విడువలేదు.

అన్న భిక్షువుగా నున్న విహారముననే హుయాన్‌త్సాంగ్ 13వ ఏట దీక్ష గైకొనెను. పిదప దేశములోని గురువుల నెందరినో ఆశ్రయించి చదివెను. చదివినకొలది సందేహములే పెరిగెను. ఒకే విషయమును ఒక్కొక్క అనువాదము ఒక్కొక్క తీరున చెప్పుచుండెను. గురువులును తమలో తాము విభేదించిరి. మూలభాష నేర్చి, మూలగ్రంథములను చదివినగాని ఈ చిక్కు విడదని ఆయన నిశ్చయించెను. ఆ కాలమున ప్రజలు సరిహద్దు దాటరాదని రాజశాసనముండెను. అయినను ఆయన 629లో రహస్యముగా పడమటి దారి పట్టెను.

ఎడారిలో నీటితిత్తి చేయిజారి, ఉన్న నీరంతయు ఒలికిపోయెను. కొంతదూరము వెనుకకు మరలెను. కాని భారతదేశము చేరక తూర్పువైపు ఒక్క అడుగైనను వేయనన్న తన ప్రతిజ్ఞ జ్ఞప్తికి వచ్చి, మరల పడమటికే తిరిగెను. నీరు లేక రోజులు గడచి, ప్రాణము కడముట్టు వేళకు ఊట దొరికినది. తుర్ఫాన్ రాజు ఆయనను గురువుగా తనయొద్దనే నిలుపుకొనదలచి ఆటంకపరచెను. భిక్షువు అన్నపానములు మాని, రాజు మనసు మార్చెను.

భారతదేశమున ఆయన పాణిని జన్మస్థానమైన శలాతురమును దర్శించి, అచట ఆ వైయాకరణుని ప్రతిమ యుండెనని వ్రాసెను. నలందలో వృద్ధుడైన శీలభద్రుని పాదములయొద్ద యోగాచారశాస్త్రమును, సంస్కృతవ్యాకరణమును అభ్యసించెను. అటుపిమ్మట సింహళమునకు పోదలచి తామ్రలిప్తి రేవునకు వచ్చెను. సముద్రయానము ప్రమాదకరమనియు, దక్షిణాపథము మీదుగా నడచిపోవుట మేలనియు ఒక దాక్షిణాత్య భిక్షువు హితవు చెప్పెను. ఆ హితవే ఆయనను తెలుగునేలకు తెచ్చినది.

కళింగ కోసలములు దాటి ఆంధ్రదేశము ప్రవేశించిన హుయాన్‌త్సాంగ్, ఇచటి భాషయు వాక్యరచనయు మధ్యదేశపు వానికంటె వేరనియు, లిపి మాత్రము చాలవరకు ఒకటేయనియు గుర్తించెను. దారినపోవుచు జనుల పలుకులను, వ్రాతను వేరువేరుగా పరికించిన భాషాభ్యాసి చూపు అది. ధాన్యకటకమున విహారములు పెక్కు పాడుపడి, ఇంచుమించు ఇరువది మాత్రమే నిలిచియుండెను. మిగిలినవానిలో మహాసాంఘికశాఖ శాస్త్రములలో నిష్ణాతులైన సుభూతి, సూర్యుడు అను ఇరువురు భిక్షువులుండిరి. నలందలో కీర్తి గడించిన హుయాన్‌త్సాంగ్ ఇచట తిరిగి విద్యార్థియై, వారియొద్ద ఆ శాఖ అభిధర్మమును చదివెను. వారును ఆయనయొద్ద మహాయానశాస్త్రములను అభ్యసించిరి. ఒకరికొకరు గురువులును శిష్యులును అయిరి. తాను నేర్చినది పంచి, తాను నేరనిది అడుగుట ఆయన విద్యారహస్యము.

తిరుగుప్రయాణమున సింధునదిలో పడవ అలలకు తల్లడిల్లగా సుమారు 50 గ్రంథములు నీటిపాలయ్యెను. వాని ప్రతులకొరకు ఆయన మనుష్యులను పంపి, దారిలోనే కొంతకాలము ఆగెను. 645లో రాజధానియైన ఛాంగాన్ చేరునప్పటికి 20 గుర్రములపై 657 గ్రంథములు వచ్చెను. అందు మహాసాంఘికశాఖవి 15. శబ్దశాస్త్రమునకు చెందినవి 13. చక్రవర్తి ఆయనను రాజోద్యోగమునకు పిలువగా నిరాకరించి అనువాదమునకే పూనుకొనెను.

ఆ కార్యము ఒక్కరి చేతి పని కాదు. ఆయన సంస్కృతమును చీనాభాషలో చెప్పగా ఒకరు వ్రాయుదురు. వేరొకరు వాక్యములు కూర్తురు. ఇంకొకరు అర్థమును, మరియొకరు మూలపదమును సరిచూతురు. అక్షరముల ఒప్పిదమును పరీక్షించుటకును వేరుగా పండితులుండిరి. కొన్ని మాటలను అనువదింపక మూలోచ్చారణతోనే ఉంచవలెనని ఐదు నియమములు ఆయన పేర పరంపరగా వచ్చుచున్నవి. భగవానుడను మాటకు అర్థములు పెక్కు గనుక దానిని అట్లే ఉంచిరి. జంబూవృక్షము, అనగా మన నేరేడు, చీనాలో లేదని యెంచి దాని పేరును మార్చలేదు. ప్రజ్ఞ యను మాటను సామాన్యమైన తెలివిగా మార్చినచో గౌరవము తగ్గునని విడిచిరి.

647లో కామరూపరాజు కోరికపై లావోత్సే గ్రంథమును సంస్కృతము చేయవలసివచ్చెను. తావో అను పదమునకు బోధి యని పెట్టుదమని తావోమతపండితులు కోరిరి. హుయాన్‌త్సాంగ్ అంగీకరింపలేదు. ఆ పదమునకు త్రోవ యని అర్థము గనుక మార్గమనియే ఉండవలెనని పట్టుపట్టెను. తన మతపు మాటను తెచ్చి పరమతగ్రంథమునకు తగిలించుట ఆయనకు సమ్మతము కాలేదు. 660లో అతివిస్తృతమైన ప్రజ్ఞాపారమితను చేపట్టినపుడు, సంగ్రహింపుమని శిష్యులు ప్రార్థించిరి. ఆరోగ్యము చెడియున్నను ఆయన ఏమియు విడువక 663లో 600 భాగములుగా ముగించెను. మరుసటి యేడు, 664లో, కన్నుమూసెను.

ఆయన అనువాదములు మొత్తము 75, భాగములు 1335. భారతదేశమున మూలము నశించిన మహావిభాషవంటి గ్రంథములు నేటికిని ఆయన చీనా అనువాదముననే సమగ్రముగా నిలిచియున్నవి. విహారములు శిథిలమైనను విద్య నిలిచినది. తండ్రి పాఠమునకు లేచి నిలిచిన బాలుడు వృద్ధుడైన పిదపను పరభాషలోని ప్రతి పదము నెదుట అట్లే లేచి నిలుచుటయే అందులకు హేతువు.