జాంగో రైన్‌హార్ట్

సుమారు వేయి యేండ్ల క్రిందట మన దేశమునుండి వలస వెళ్లిన జనుల సంతతివారే యూరపులోని రోమానీలు. బాల్కన్ సీమలలో వారి బాకామేళములు పెండ్లిండ్లకు శోభ గూర్చును. పశ్చిమమున వారు తంత్రీవాద్యములందు ప్రసిద్ధులైరి. అట్టివారిలో మనూష్ శాఖకు చెందిన జాంగో చరిత్రమును విద్యార్థులకు తెలుపుచున్నాము. మనూష్ అనగా మనిషియే.

జాంగో 1910 జనవరి 23వ తేదీన బెల్జియములోని లిబెర్షీ గ్రామమున జన్మించి, పారిస్ పొలిమేరలలో బండియింట పెరిగెను. బడిచదువు లేదు. చెవితో విని నేర్చి, బాల్యముననే బాంజో వాయించి ధనమార్జించెను.

1928లో ఆ బండియిల్లు దగ్ధమయ్యెను. తంత్రులను నొక్కవలసిన ఎడమచేతి చివరి రెండు వ్రేళ్లు కాలి ముడుచుకొనిపోయెను. సోదరుడు తెచ్చి యిచ్చిన గిటారుపై, మిగిలిన రెండు వ్రేళ్లతోనే అతివేగముగా స్వరములు పలికించు క్రొత్త పద్ధతిని జాంగో సాధించెను. 1934లో వయొలిన్ విద్వాంసుడు గ్రాపెల్లీతో గూడి, తంత్రీవాద్యములు మాత్రమే గల పంచవాద్య బృందమును నెలకొల్పెను. 1946లో అమెరికాలో డ్యూక్ ఎల్లింగ్టన్ బృందముతో వాయించెను. 1953 మే 16న, 43వ యేట దివంగతుడయ్యెను.

ఆయన ఇంట పలికిన రోమానీ భాషలో నీటిని నేటికిని పానీ యందురు. బడి లేకున్నను ఆ నుడియు, ఆ సంగీతమును తల్లిదండ్రులనుండి బిడ్డలకు సంక్రమించినవి. బడియు పుస్తకమును గల మనకు ఇంటి నుడిని నిలుపుకొనుట కష్టమా?