రొమ్ములోని ధ్వనిని వినిన వైద్యుడు: రెనే లెన్నెక్

వైద్యుని మెడనుండి వ్రేలాడు స్టెతస్కోపును చూడని బాలుడు మన నెల్లూరు సీమలో నుండడు. కృష్ణపట్నము మొదలు రామాయపట్నము వరకు ఏ యూరి వైద్యశాలకు పోయినను, దగ్గుచు వచ్చిన రోగి రొమ్మునకు మొట్టమొదట తగులునది యదియే. అయినను దానిని కనిపెట్టినవాని చరిత్రము మనలో పలువురెరుగరు.

రెండు వందల యేండ్లకు పూర్వము రొమ్ములో నీరు చేరినదా, ఊపిరితిత్తి గట్టిపడినదా యను సంగతి నిశ్చయముగా తెలియవలెనన్న, రోగి మరణించిన పిదప కళేబరమును కోసి చూడవలసినదే. అప్పుడు తెలిసినను ఆ రోగికి కలిగిన మేలేమి? బ్రదికియున్నవాని శరీరమును కోయకయే లోపలి స్థితి నెట్లు గ్రహించుట? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలోనే రెనే లెన్నెక్ తన యాయువును వెచ్చించెను.

ఆయన 1781 సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన ఫ్రాన్సు దేశమున బ్రిటనీ సీమలోని కెంపేర్ పట్టణమందు జన్మించెను. బ్రిటనీ మన సీమవలెనే సముద్రతీరపు నాడు. చేపల వేటయు ఉప్పుగాలియు నక్కడి జనులకు నిత్య పరిచితములు. ఐదవ యేటనే ఆయనకు మాతృవియోగము కలిగెను. తండ్రి న్యాయవాది, కవిత్వమునం దాసక్తి గలవాడే కాని బిడ్డలను పెంచు నోర్పు గలవాడు కాడు. కావున బాలుడు 1788లో నాంత్ నగరమున వైద్యుడుగా నున్న పినతండ్రి గియోము ఇంటికి చేరెను. ఆ మరుసటి యేడు ఫ్రెంచి విప్లవము చెలరేగెను. కల్లోలము నడుమనే, పదునాలుగవ యేట, లెన్నెక్ అచటి ఆసుపత్రిలో గాయపడినవారికి కట్లు కట్టుచు వైద్యము నేర్వసాగెను.

1801లో ఆయన పారిస్ నగరమునకు పోయి, నెపోలియన్‌కు వైద్యుడైన కోర్విసార్‌కు శిష్యుడయ్యెను. 1803లో వైద్యమునను శస్త్రవిద్యయందును ప్రథమ బహుమానములు పొంది, మరుసటి యేడు వైద్యపట్టమునందెను. గురువునొద్ద ఆయన నేర్చిన విద్యలలో రొమ్మును వ్రేళ్లతో తట్టి చూచుట యొకటి. దీనిని కనిపెట్టినవాడు ఆస్ట్రియా దేశపు ఔవెన్‌బ్రుగ్గర్ అను వైద్యుడు. ఆయన పూటకూళ్లింటి యజమాని కుమారుడు. మన స్త్రీలు సంతలో కుండను వ్రేలితో తట్టి మంచిచెడ్డలు తెలిసికొందురు గదా! ద్రాక్షసారాయి పీపాను తట్టి అందులో నెంతవరకు ద్రవమున్నదో తెలిసికొనుటయు నట్టిదే. గాలి యున్నచోట మ్రోత పుట్టును; నీరున్నచోట మొద్దు చప్పుడగును. ఔవెన్‌బ్రుగ్గర్ ఈ న్యాయమును మానవుని రొమ్మునకు వర్తింపజేసి 1761లో గ్రంథము వ్రాసెను. లోకము దానిని లక్ష్యపెట్టలేదు. నలువదియేడేండ్ల పిదప కోర్విసార్ దానిని ఫ్రెంచి భాషలోనికి తెచ్చి వ్యాప్తి చేసెను.

1816లో లెన్నెక్ పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో వైద్యుడుగా నియమింపబడెను. అదే యేట హృద్రోగ లక్షణములు గల యొక యువతి ఆయనయొద్దకు వచ్చెను. ఆమె స్థూలకాయ యగుటచే తట్టి చూచుట నిష్ఫలమయ్యెను. రొమ్మునకు చెవి యానించుట మర్యాద గాకపోయెను. అప్పుడాయనకు ధ్వనిశాస్త్రములోని యొక చిన్న విషయము జ్ఞప్తికి వచ్చెను. పొడవైన దూలము నొక కొనయందు గుండుసూదితో గీకినచో, రెండవ కొనయందు చెవి నుంచినవానికి ఆ చప్పుడు స్పష్టముగా వినబడును. విద్యార్థులారా, మీ తరగతి బల్లమీద దీనిని మీరే పరీక్షింపవచ్చును. లెన్నెక్ వెంటనే కాగితముల దస్తాను గట్టిగా గొట్టమువలె చుట్టి, ఒక కొన రోగి రొమ్మునకును రెండవ కొన తన చెవికిని ఆనించెను. ఊరక చెవి యానించినప్పటికంటె గుండె చప్పుడు తేటగా వినబడెను.

తరువాత ఆయన తన చేతితోనే కొయ్యను తరిమెన పట్టి, సుమారు అడుగు పొడవు గల గొట్టమును చేసికొనెను. వేణువాదనము నెరిగిన ఆయనకు బోలుకొయ్యయు చెవియు క్రొత్తవి కావు. రొమ్ము, చూచుట యను రెండు గ్రీకు మాటలను కూర్చి దానికి స్టెతస్కోపు అని పేరిడెను.

పరికరము చేయుట యొక దినపు పని. వినిన దాని యర్థము తెలిసికొనుటకు మూడేండ్లు పట్టెను. లెన్నెక్ రోగి బ్రదికియుండగా వినిన ప్రతి ధ్వనిని వ్రాసికొనెడివాడు. ఆ రోగి మరణించినచో కళేబరమును పరీక్షించి, తన చెవి చెప్పినది నిజమో కాదో సరిచూచుకొనెడివాడు. ఊహను ఊహగానే విడువక, తప్పయినచో దిద్దుకొనుట ఆయన నియమము. న్యుమోనియా జ్వరము తొలి దశలో ఊపిరితో కూడ వినవచ్చు సన్నని చప్పుడును, కాలిన పాత్రలో ఉప్పు చిటచిటలాడు చప్పుడుతో ఆయన పోల్చెను. ఇస్కపల్లి ఉప్పుమళ్లను చూచినవారికిని, పొయ్యిలో రాతియుప్పు వేసిన తల్లులకును ఈ పోలిక వివరింప నక్కరలేదు. వ్యాధి ముదిరి ఊపిరితిత్తి కార్జమువలె గట్టిపడినప్పుడు ఆ చిటచిటయు నణగిపోవును. ఊపిరితిత్తి చుట్టును పలుచగా నీరు చేరినప్పుడు రోగి మాటలాడిన కంఠధ్వని గొట్టములో మేకపిల్ల యరపువలె వణకుచు వినబడును. ఊపిరితిత్తి లోపలనే నీరు నిండు వ్యాధిని సైతము ఆయన వేరుగా వర్ణించెను. ఇవి యన్నియు 1819లో రెండు సంపుటములుగా వెలువడెను. కొందరు పరిహసించిరి, కాని యితర దేశముల విద్యార్థులు ఆయన వెంట రోగుల మంచములకడ తిరిగి నేర్చుకొనిరి. 1822లో ఆయన ఫ్రాన్సు కళాశాలలో ఆచార్యుడయ్యెను.

ఆయన మిక్కిలిగా పరిశోధించిన వ్యాధి క్షయ. తమ్ముని ఆ వ్యాధియే తీసికొనిపోయెను. ప్రియమిత్రుడైన బేల్ అను వైద్యుడు 1816లో దానికే బలియయ్యెను. 1826లో లెన్నెక్ తానును దగ్గుతో కృశించి, బ్రిటనీ తీరమున దువార్నెనే రేవు చెంతనున్న స్వగృహమునకు మరలెను. సోదరుని వరుస వైద్యుడైన మేరియాదెక్ ఆ కొయ్యగొట్టమునే ఆయన రొమ్మున కానించి వినెను. వినబడినవి లెన్నెక్ తాను గ్రంథమున వర్ణించిన క్షయ చిహ్నములే. ఆగస్టు 13వ తేదీన, నలువదియైదవ యేట, ఆయన కన్నుమూసెను. స్టెతస్కోపును మేరియాదెక్‌కే వ్రాసియిచ్చి, తన యాస్తిలో నదియే శ్రేష్ఠభాగమని తలచెను.

తన గొట్టము తన్ను రక్షింపజాలకపోయెను. క్షయక్రిమిని చంపు మందు దొరకుటకు 1940 తరువాతి కాలము రావలసివచ్చెను. అయినను ఆయన శ్రమ వ్యర్థము కాలేదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున పలు మిషనులవారు కలసి 1912లో నెలకొల్పిన క్షయ చికిత్సాలయము వంటి స్థలములలో, మందు పుట్టకముందే, ఎవరికి వ్యాధి సోకినది, ఎవరికి తగ్గుచున్నది యను సంగతి తెలిసికొనుటకు వైద్యుల చెవియు నొక యాధారమయ్యెను.

2020 మార్చిలో ఆంధ్రప్రదేశమున కరోనా వ్యాధి మొట్టమొదట నిర్ధారణయైనది నెల్లూరులోనే. మరుసటి యేటి మే నెలలో ఆకుల మందు కొరకు వేలకొలది జనులు మన కృష్ణపట్నమునకు తరలివచ్చిరి. ఆ భయములో ప్రతి కుటుంబమును వేధించినది లెన్నెక్ నాటి ప్రశ్నయే: లోపల ఊపిరితిత్తి యెట్లున్నది? ఆ వైరసు వలన న్యుమోనియా ముదిరినచో ఊపిరితిత్తుల గాలిగదులలో ద్రవము చేరి, రక్తమునకు ప్రాణవాయువు చాలకపోవును. వ్రేలికి తగిలించు చిన్న పరికరము 94కు తక్కువ చూపినచో ఆసుపత్రికి పోవలెనని పామరులు సైతము నేర్చిరి. పైనుండి క్రిందివరకు రక్షణ దుస్తులు తొడిగిన వైద్యులకు స్టెతస్కోపు నుపయోగించుట కష్టమైనప్పుడు, పలుచోట్ల అల్ట్రాసౌండు యంత్రము తోడ్పడెను. అదియు ధ్వనియే, మన చెవికందని ధ్వని. ద్రవము చేరిన ఊపిరితిత్తినుండి అది తిరిగివచ్చి తెరమీద తెల్లని నిలువు గీతలుగా కనబడును. కోత లేదు, నొప్పి లేదు. మంచముకడనే దినదినమును చూచి వ్యాధి పెరుగుచున్నదో తగ్గుచున్నదో తెలిసికొనవచ్చును.

ఈ పరికరములలో నేదియు రోగమును కుదుర్పదు. కాని యెప్పుడు ప్రాణవాయువు పెట్టవలెనో, ఎవరిని ముందు చూడవలెనో తెలియనిచో మందుండియు ఫలము లేదు. జ్వరముతో ఆయాసము కలిగినప్పుడు రెండు దినములు చూతమని ఇంట నుండక వెంటనే వైద్యశాలకు పోవుట మన విధి. అక్కడ వైద్యుడు రొమ్మునకు స్టెతస్కోపు నానించి ఊపిరి పీల్చుమనినప్పుడు, చుట్టునున్నవారు మాటలు మాని కొంత తడవు నిశ్శబ్దముగా నుండవలెను. లోపలనుండి వచ్చు ఆ సన్నని చిటచిట ఆయన చెవికి చేరవలసియున్నది.