వదంతులు వెంటాడిన విమాన నిర్మాత టుపొలేవ్
ధ్వనిని మించిన ప్రయాణిక విమానానికి ఆద్యుడు. జైలులోనే యుద్ధ విమానానికి రూపకల్పన

విశాఖపట్నం బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ప్రదర్శనశాలకు ఎదురుగా ఒక భారీ విమానం నిలిచి ఉంది. నాలుగు ఇంజన్లు, ఒక్కొక్క ఇంజనుకు ముందు వెనుకలుగా ఎదురెదురు దిశల్లో తిరిగే జంట ప్రొపెల్లర్లు దాని ప్రత్యేకత. భారత నౌకాదళంలో 1988 నుంచి 2017 వరకు 29 ఏళ్లపాటు సముద్ర గస్తీ నిర్వహించిన టీయూ-142 విమానమిది. 2017 డిసెంబర్‌లో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీనిని ప్రదర్శనశాలగా ప్రారంభించారు. దీని పేరులోని టీయూ అనే రెండు అక్షరాలు ఆండ్రీ నికొలయెవిచ్ టుపొలేవ్ ఇంటిపేరు నుంచి వచ్చినవి. ప్రపంచంలోనే మొట్టమొదటి సూపర్‌సోనిక్ ప్రయాణిక విమానం గాలిలోకి లేచింది కూడా ఆయన సంస్థ నుంచే.

వందకు పైగా విమానాలకు రూపకల్పన చేసిన టుపొలేవ్ జీవితమంతా వదంతుల నడుమనే సాగడం విశేషం. ఒక వదంతి ఆయనను కారాగారానికి పంపింది. మరొకటి ఆయన చివరి కృషిని నకలుగా ముద్ర వేసింది.

పల్లె నుంచి మాస్కోకు

టుపొలేవ్ 1888 నవంబర్ 10న రష్యాలోని త్వేర్ ప్రాంతంలో కిమ్రీ పట్టణ సమీపాన ఒక పల్లెలో జన్మించారు. తండ్రి నోటరీ. 1908లో మాస్కోలోని ఇంపీరియల్ సాంకేతిక విద్యాలయంలో చేరారు. రష్యా వైమానిక శాస్త్రానికి పితామహుడనదగిన నికొలాయ్ జుకోవ్‌స్కీ అక్కడ ఆయనకు గురువు. విప్లవ కార్యకలాపాలలో పాల్గొన్నారన్న ఆరోపణపై 1911లో జారు ప్రభుత్వం ఆయనను అరెస్టు చేసి స్వగ్రామానికి పంపివేసింది. తిరిగి చదువు కొనసాగించి 1918లో పట్టభద్రులయ్యారు. అదే ఏడాది గురువుతో కలసి కేంద్ర వాయుగతి శాస్త్ర పరిశోధన సంస్థ స్థాపనలో పాలుపంచుకున్నారు.

కర్ర, గుడ్డలతో విమానాలు తయారవుతున్న ఆ రోజుల్లో లోహ విమానాలదే భవిష్యత్తని టుపొలేవ్ గట్టిగా విశ్వసించారు. 1924లో ఆయన రూపొందించిన ఏఎన్‌టీ-2 సోవియట్ యూనియన్ తొలి పూర్తి లోహ విమానం. పదేళ్లు తిరిగేసరికి ఎనిమిది ఇంజన్లు, 63 మీటర్ల రెక్కల విస్తీర్ణంతో మాక్సిమ్ గోర్కీ అనే మహా విమానం నిర్మించారు. అయితే 1935 మే నెలలో అది వెంట ఎగురుతున్న చిన్న విమానం ఢీకొని కూలిపోయింది. 1937 జూన్‌లో ఆయన ఏఎన్‌టీ-25 విమానంలో చకలోవ్ బృందం మాస్కోలో బయలుదేరి ఉత్తర ధ్రువం మీదుగా ఎక్కడా ఆగకుండా అమెరికా చేరుకుంది.

కటకటాల వెనుక డిజైన్లు

ఆ విజయానికి దేశమంతటా జేజేలు పలికిన నాలుగు నెలలకే, 1937 అక్టోబర్ 21న, స్టాలిన్ రహస్య పోలీసులు టుపొలేవ్‌ను అరెస్టు చేశారు. విద్రోహం, గూఢచర్యం ఆయనపై మోపిన నేరాలు. జర్మనీలో తయారైన మెసర్‌ష్మిట్ యుద్ధ విమానం నమూనాను ఆయనే అమ్ముకున్నారన్న పుకారు కూడా అప్పట్లో వ్యాపించింది. దానికి ఏ ఆధారమూ లేదు. అయినా పదేళ్ల శిక్ష తప్పలేదు.

యుద్ధం ముంచుకొస్తున్న వేళ విమానాలు లేక, విమానాలు తయారు చేసేవారు జైళ్లలో ఉండి ప్రభుత్వం ఇరకాటంలో పడింది. దీంతో ఖైదీలతోనే ఒక డిజైన్ కార్యాలయం ఏర్పాటు చేసింది. అవసరమైన నిపుణుల జాబితా ఇవ్వాలని టుపొలేవ్‌ను కోరింది. ఆయన ఇచ్చిన పేర్లతో అనేక మంది ఇంజనీర్లు దూరప్రాంత నిర్బంధ శిబిరాల నుంచి అక్కడికి చేరారు. తరువాతి కాలంలో స్పుత్నిక్‌ను అంతరిక్షంలోకి పంపిన సెర్గీ కొరొల్యోవ్ కూడా వారిలో ఉన్నారు. కాపలాదారుల పహరాలో గీసిన నమూనాయే 1941 జనవరిలో గాలిలోకి లేచిన టీయూ-2 బాంబర్. జర్మనీ దండయాత్ర ప్రారంభమైన కొద్ది వారాలకు ఆ ఏడాది జులైలో టుపొలేవ్ విడుదలయ్యారు. ఆయన నిర్దోషి అని ప్రభుత్వం అంగీకరించడానికి మాత్రం 1955 వరకు పట్టింది.

నకలు నిజమే

నకలు చేశారన్న ఆరోపణ ఒక సందర్భంలో అక్షరాలా నిజం. 1944లో జపాన్‌పై దాడికి వెళ్లిన అమెరికా బీ-29 విమానాలు మూడు సోవియట్ తూర్పు ప్రాంతంలో దిగాయి. వాటిని యథాతథంగా తయారు చేయవలసిందిగా స్టాలిన్ ఆదేశించారు. అంగుళాల కొలతలన్నింటినీ మెట్రిక్ పద్ధతిలోకి మార్చుకుంటూ రెండేళ్ల పైచిలుకు కాలంలో టుపొలేవ్ బృందం ఆ పని పూర్తి చేసింది. 1947 ఆగస్టులో మాస్కో వైమానిక ప్రదర్శనలో ముందుగా మూడు విమానాలు కనిపించాయి. అవి దిగిన అమెరికా విమానాలే కావచ్చునని విదేశీ పరిశీలకులు భావించారు. వాటి వెంట ప్రయాణికుల కోసం మార్చిన నాలుగో విమానం రావడంతో వారి అనుమానం తీరిపోయింది.

జెట్ యుగంలో ముందంజ

1956 మార్చిలో టీయూ-104 జెట్ విమానం సోవియట్ భద్రతాధికారులతో లండన్‌లో దిగినపుడు పాశ్చాత్య దేశాలు నివ్వెరపోయాయి. బ్రిటన్ తయారీ కామెట్ విమానాలు వరుస ప్రమాదాల కారణంగా 1954లో సేవల నుంచి తప్పుకున్నాయి. అందువల్ల 1956 సెప్టెంబర్ నుంచి 1958 వరకు ప్రపంచంలో క్రమం తప్పక ప్రయాణికులను చేరవేసిన జెట్ విమానం టీయూ-104 ఒక్కటే.

అనంతరం వచ్చిన టీయూ-114 ఎంత ఎత్తైనదంటే, 1959లో క్రుశ్చేవ్ అందులో అమెరికా వెళ్లినపుడు విమానాశ్రయంలోని మెట్లు తలుపు వరకు అందలేదు. ఈ విమానం 1960లలో మాస్కో నుంచి ఢిల్లీకి కూడా నడిచింది. ఇదీ, విశాఖ తీరంలోని టీయూ-142 కూడా టీయూ-95 బాంబర్ నుంచే పుట్టుకొచ్చాయి.

కాంకార్డ్‌కు పోటీ

1963 జులైలో సోవియట్ ప్రభుత్వం ధ్వని కంటే రెట్టింపు వేగంతో ప్రయాణించే విమానం నిర్మించాలని నిర్ణయించింది. అప్పటికి టుపొలేవ్ వయస్సు 74 ఏళ్లు. ఆ బాధ్యతను ఆయన తన కుమారుడు అలెక్సీకి అప్పగించి మార్గదర్శకత్వం వహించారు. బ్రిటన్, ఫ్రాన్స్ ఉమ్మడిగా కాంకార్డ్ నిర్మిస్తున్న సమయమది. భవిష్యత్తంతా ఈ విమానాలదేనన్న నమ్మకంతో ఎయిరిండియా సైతం రెండు కాంకార్డ్‌ల కోసం ముందస్తుగా పేరు నమోదు చేసుకుంది.

1968 డిసెంబర్ 31న టీయూ-144 గాలిలోకి లేచింది. కాంకార్డ్ రెండు నెలల తరువాత, 1969 మార్చి 2న ఎగిరింది. రెండింటి ఆకారం దాదాపు ఒకటే కావడంతో పాశ్చాత్య పత్రికలు సోవియట్ విమానానికి కాంకార్డ్‌స్కీ అని పేరు పెట్టాయి. నమూనా దొంగిలించారన్న వదంతి ప్రపంచమంతా పాకింది.

వదంతి పూర్తిగా నిరాధారం కాదు. సోవియట్ విమానయాన సంస్థ ఏరోఫ్లోట్ పారిస్ ప్రతినిధిని 1965లో ఫ్రాన్స్ గూఢచర్య ఆరోపణపై అరెస్టు చేసి బహిష్కరించింది. అయితే అంత వేగానికి త్రికోణపు రెక్కలు, దిగేటప్పుడు పైలట్‌కు రన్‌వే కనిపించేందుకు కిందికి వంగే ముక్కు ఎవరికైనా అనివార్యమే. రెక్కల వంపు, ఇంజన్ల అమరిక, ముందు భాగంలో ముడుచుకునే చిన్న రెక్కలు మాత్రం టీయూ-144కే ప్రత్యేకం. పైగా దాని అసలు లోపాలన్నీ సొంతవే. ఇంజన్లు అమితంగా ఇంధనం తాగేవి. క్యాబిన్‌లో చెవులు దద్దరిల్లే శబ్దం ఉండేది.

విజయం చూసి, పతనం చూడక

టుపొలేవ్ 1972 డిసెంబర్ 23న తన 84వ ఏట మాస్కోలో కన్నుమూశారు. ఆరు నెలలు గడవక ముందే, 1973 జూన్ 3న, పారిస్ వైమానిక ప్రదర్శనలో టీయూ-144 కూలి అందులోని ఆరుగురు, కింద గ్రామంలోని ఎనిమిది మంది మరణించారు. ఫొటోలు తీస్తున్న ఫ్రెంచి మిరాజ్ విమానాన్ని తప్పించబోయి కూలిందన్న వాదన నేటికీ వినవస్తుంది. కచ్చితమైన కారణాన్ని దర్యాప్తు తేల్చలేదు.

1977 నవంబర్ 1న మాస్కో, అల్మా అటా నగరాల మధ్య ప్రారంభమైన ప్రయాణిక సేవలు ఏడు నెలలకే నిలిచిపోయాయి. 55 ప్రయాణాలు, 3,284 మంది ప్రయాణికులతో దాని చరిత్ర ముగిసింది. కాంకార్డ్ 2003 వరకు కొనసాగినా ఖర్చు భారం దానినీ నేలకు దించింది. ఎయిరిండియా ఆలోచన కాగితాలకే పరిమితమైంది.

టుపొలేవ్ పేరు మన దేశంలో మరో రెండు ప్రమాదాలతో ముడిపడింది. 1977 నవంబర్‌లో ప్రధాని మొరార్జీ దేశాయ్ ప్రయాణిస్తున్న టీయూ-124 అస్సాంలోని జోర్హాట్ వద్ద కూలగా ఆయన ప్రాణాలతో బయటపడ్డారు. విమాన సిబ్బంది ఐదుగురు చనిపోయారు. 1993 జనవరి 9న హైదరాబాద్ నుంచి వెళ్లిన టీయూ-154 అద్దె విమానం ఢిల్లీలో దిగుతూ తలకిందులైనా 165 మందీ బతికి బయటపడ్డారు.

జర్మనీలోని జిన్స్‌హైమ్ ప్రదర్శనశాల పైకప్పుపై ప్రస్తుతం టీయూ-144, కాంకార్డ్ పక్కపక్కనే నిలిచి ఉన్నాయి. ఏది ఎవరికి నకలో సందర్శకులు స్వయంగా పోల్చి చూసుకోవచ్చు. 2025 జనవరిలో అమెరికా సంస్థ బూమ్ తన ప్రయోగాత్మక విమానంతో ధ్వని వేగాన్ని దాటి, సూపర్‌సోనిక్ ప్రయాణిక విమానం తీసుకువస్తామంటోంది. ఆ విమానం వచ్చేదీ లేనిదీ, దాని టికెట్టు ధర ఎంతమందికి అందేదీ తేలవలసి ఉంది. టుపొలేవ్ విమానానికీ, కాంకార్డ్‌కూ ఎదురైన అసలు పరీక్ష అదే.